వంద గ్రాముల తేడా: జూనియర్ జావెలిన్ అంకెలు ఎలా చదవాలి?

పోయిన ఆషాఢంలో ఒకరోజు పొద్దున్నే అనంతపురం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. "సార్, మావాడు పోయినేడు 61 మీటర్లు ఏసినాడు. ఈయేడు 54 దాటడంల్యా. రాత్రంతా సెల్లు చూస్తాంటాడు, చెడిపోయినాడేమో. మీరన్నా గట్టిగా చెప్పండి సార్" అన్నాడు. కొడుకు నాలుగడుగుల దూరంలో తల దించుకుని, బూటుతో మట్టి గీకుతూ నిలబడ్డాడు.

ఆ అబ్బాయి చెడిపోలేదు. చేతిలో జావెలిన్ మారింది, అంతే. నిరుడు 18 ఏళ్ల లోపు విభాగంలో 700 గ్రాముల జావెలిన్ విసిరాడు. ఈ ఏడు 20 ఏళ్ల లోపు విభాగంలోకి వచ్చాడు. ఇక్కడ 800 గ్రాములు. ఆ మాట చెబితే తండ్రి నమ్మలేదు. వంద గ్రాములంటే రెండు కోడిగుడ్ల బరువు. "రెండు గుడ్లకు ఏడు మీటర్లు తగ్గుతాదా సార్?" అని అడిగాడు.

యూనివర్సిటీ రోజుల్లో నేనూ కొన్నేళ్లు జావెలిన్ విసిరాను, ఇప్పుడు పొద్దున పూట పిల్లలకు తోడుగా ఉంటున్నాను. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని మంచి ప్రశ్న అది. జూనియర్ జావెలిన్ గురించి పేపర్లో వచ్చే ప్రతి అంకె వెనకా ఆ ప్రశ్నే ఉంది. దానికి ఆ రోజు నిలబడి చెప్పిన జవాబు చాల్లేదనిపించి ఇది రాస్తున్నాను.

పెద్దల బల్లెమే పిల్లలకూ

ప్రపంచ జూనియర్ అథ్లెటిక్స్ పోటీలు 1986లో ఏథెన్స్‌లో మొదలయ్యాయి. రెండేళ్లకోసారి జరగాలన్నది పద్ధతి. వీటిని ఇప్పుడు అండర్-20 ప్రపంచ చాంపియన్‌షిప్ అంటున్నారు. పోటీ జరిగే సంవత్సరం డిసెంబర్ 31 నాటికి వయసు 16కు తగ్గకూడదు, 19 దాటకూడదు. అంటే పుట్టిన తేదీ కన్నా పుట్టిన సంవత్సరమే ముఖ్యం. జనవరిలో పుట్టినవాడు, డిసెంబర్‌లో పుట్టినవాడు ఒకే గీత దగ్గర నిలబడతారు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా భుజాల్లో కనిపిస్తుంది.

మిగతా త్రో పోటీల్లో ఈ వయసు మగపిల్లలకు కొంత సడలింపు ఉంటుంది. సీనియర్ల షాట్‌పుట్ గుండు 7.26 కిలోలైతే జూనియర్లకు 6 కిలోలు. హ్యామర్ కూడా అంతే. డిస్కస్ 2 కిలోల బదులు 1.75 కిలోలు. 110 మీటర్ల పరుగులో హర్డిల్స్ ఎత్తు కూడా తగ్గిస్తారు. జావెలిన్‌కు మాత్రం ఈ సడలింపు లేదు. ఒలింపిక్స్‌లో విసిరే 800 గ్రాముల జావెలిన్‌నే పద్దెనిమిదేళ్ల కుర్రాడూ విసరాలి.

దీనివల్ల ఒక మేలుంది, ఒక చిక్కుంది. మేలు ఏమిటంటే జూనియర్ షాట్‌పుట్ దూరాన్ని సీనియర్ దూరంతో నేరుగా పోల్చలేం కానీ, జావెలిన్‌లో పోల్చవచ్చు. చిక్కు ఏమిటంటే కుర్రాడు 18 ఏళ్ల లోపు విభాగం నుంచి బయటికి అడుగు పెట్టగానే ఒక్కసారిగా పెద్దల పనిముట్టు చేతికొస్తుంది. మధ్యలో మెట్టు లేదు.

పైగా మారేది బరువు ఒక్కటే కాదు. నేను ఆ తండ్రికి చూపించింది ఇదే. రెండు జావెలిన్‌లనూ పక్కపక్కన నేలమీద పెట్టాను. 700 గ్రాములది 2.30 నుంచి 2.40 మీటర్ల పొడవుంటుంది. 800 గ్రాములది 2.60 నుంచి 2.70 మీటర్లు. దాదాపు ఒక అడుగు తేడా. ఆయన వంగి జానలతో కొలిచి చూసుకున్నాడు. పొడవు పెరిగితే తోక ఊగడం పెరుగుతుంది, చేతిలో చిన్న వంకర ఉన్నా గాలిలోకి వెళ్లాక అది పెద్ద వంకరగా కనిపిస్తుంది. పాత జావెలిన్‌తో దాక్కున్న తప్పులన్నీ కొత్తదానితో బయటపడతాయి.

దూరం ఎక్కడి నుంచి వస్తుంది

జావెలిన్ చేతి బలంతో విసిరేదని చాలామంది అనుకుంటారు. మన ఊళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు చెర్నాకోల సంగతి తెలుసు. పిడి దగ్గర చెయ్యి పెద్దగా కదలదు. అది ఆగిన చోట నుంచి వేగం తాడు వెంబడి పోయి, చివర 'ఛెళ్'మంటుంది. జావెలిన్ త్రోలో మనిషి ఒళ్లే చెర్నాకోల. పరుగులో వచ్చిన వేగాన్ని ఎడమకాలు ఒక్కసారిగా ఆపుతుంది, కుడిచేతి వాటం వాళ్లకు. కాలు ఆగితే నడుము ముందుకు తిరుగుతుంది, నడుము ఆగితే రొమ్ము, రొమ్ము ఆగితే భుజం, ఆ తర్వాత మోచెయ్యి, చివరికి అరచెయ్యి. ఒక్కో భాగం ఆగుతూ తన వేగాన్ని పై భాగానికి అప్పజెబుతుంది.

ఆ ఎడమకాలిని త్రోయర్లు 'బ్లాక్' అంటారు. సడన్ బ్రేక్ వేసిన బస్సులో నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, బ్లాక్ గట్టిగా పడితే ఒళ్లంతా దానిమీదుగా ముందుకు విసురుకుంటుంది. ఆ క్షణంలో కాలిమీద శరీర బరువుకు ఎన్నో రెట్లు బరువు పడుతుంది. మోకాలు వంగిందా, వేగం నేలపాలు. అందుకే మంచి త్రోయర్ల జావెలిన్ బూట్లకు మడమ కింద కూడా మేకులుంటాయి. మామూలు బూట్లతో ఎర్రమట్టిలో బ్లాక్ వేసే పిల్లల కాలు జారుతుంది. జారిన ప్రతిసారీ ఒకటి రెండు మీటర్లు మట్టిలో కలిసిపోతాయి. చేతి బలం లేదని వాళ్లను తిట్టేవాళ్లు ఒక్కసారి కిందికి, ఆ బూట్ల వైపు చూస్తే బాగుండు.

ఇప్పుడు లెక్క చూద్దాం. చేతి నుంచి వదిలేటప్పుడు ఉండే వేగమే దూరంలో పెద్ద భాగం. దూరం వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గాలిని పక్కన పెట్టి, 36 డిగ్రీల కోణం అనుకుని మోటుగా లెక్కేస్తే, 61 మీటర్లు పోవాలంటే గంటకు 89 కిలోమీటర్ల వేగం కావాలి. 54 మీటర్లకు 83 చాలు. ఆ అబ్బాయి పోగొట్టుకుంది గంటకు ఆరు కిలోమీటర్లు. బండి మీటర్‌లో అది ముల్లు కొంచెం పక్కకు జరగడమే. బరువు పెరిగినప్పుడు చెయ్యి అంత నెమ్మదించడం సహజం. ఈ మాట విన్నాక తండ్రి ముఖం మారింది.

కోణం 45 డిగ్రీలు ఉంటేనే ఎక్కువ దూరం పోతుందని మనం ఫిజిక్స్ పుస్తకంలో చదువుకున్నాం. జావెలిన్‌లో అలా విసిరితే నష్టం. భుజం కన్నా పై ఎత్తు నుంచి వదులుతాం కనక కోణం కొంత తగ్గాలి. అంతకన్నా ముఖ్యంగా, మనిషి ఒళ్లు పైకి విసిరేటప్పుడు కన్నా ముందుకు విసిరేటప్పుడే ఎక్కువ వేగం ఇస్తుంది. అందుకే గొప్ప త్రోలు ఎక్కువగా 32 నుంచి 38 డిగ్రీల మధ్యే కనిపిస్తాయి.

గాలి సంగతి

అనంతపురం వాళ్లకు గాలి గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. రామగిరి కొండల మీద, కడవకల్లు గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జూలైల్లో పడమటి గాలి గ్రౌండ్‌లో నిలబడనివ్వదు. ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. వంద మీటర్ల పరుగులో, లాంగ్‌జంప్‌లో వెనక గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డు లెక్కలోకి రాదు. జావెలిన్‌కు ఆ నిబంధన లేదు. గాలి ఎంత వీచినా పడ్డ దూరమే దూరం.

ఎదురుగాలిలో మొన కొంచెం ఎక్కువ లేపితే జావెలిన్ గాలిలో నిలబడిపోయి దబ్బున కూలుతుంది. అప్పుడు మొన దించి విసరాలి. వెనక నుంచి గాలి వస్తే కాస్త ఎత్తుగా వదలవచ్చు. కాబట్టి ఒక రోజు 58, మరో రోజు 53 పడితే కుర్రాడు మారాడని కాదు. మన గ్రౌండ్‌లో ఏ దిక్కుకు విసిరామన్నది కూడా పుస్తకంలో రాసుకోవాలని నేను పిల్లలకు చెబుతుంటాను.

ఈ బల్లెం గాలిలో మరీ బాగా తేలుతోందని ఒకసారి దాని రూపాన్నే మార్చేశారు. 1984లో తూర్పు జర్మనీకి చెందిన ఉవె హోన్ బెర్లిన్‌లో 104.80 మీటర్లు విసిరాడు. స్టేడియంలో ఇంకొంచెం పోతే ట్రాక్ మీద పడేట్టుంది. అప్పట్లో జావెలిన్‌లు తేలుతూ వచ్చి అడ్డంగా వాలేవి, మొన ముందు తగిలిందా లేదా అని గొడవలు జరిగేవి. 1986 నుంచి మగవాళ్ల జావెలిన్ గురుత్వ కేంద్రాన్ని 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. దాంతో మొన తొందరగా కిందికి వంగుతుంది. లెక్కలన్నీ మళ్లీ మొదలయ్యాయి. ఇప్పటి ప్రపంచ రికార్డు చెక్ దేశస్థుడు యాన్ జెలెజ్నీ 1996లో యెనాలో విసిరిన 98.48 మీటర్లు. కాబట్టి 1986కు ముందు అంకెలతో ఇప్పటి పిల్లల అంకెలు పోల్చకూడదు.

మరో అపోహ. జావెలిన్ నేలలో గుచ్చుకుని నిలబడాలని చాలామంది అనుకుంటారు, తల్లిదండ్రులైతే మరీను. అక్కర్లేదు. లోహపు మొన అన్నిటికన్నా ముందు నేలకు తగిలితే చాలు. ఎండాకాలంలో మన గట్టినేల మీద సగం త్రోలు గుచ్చుకోకుండానే జారిపోతాయి. ఇంకో నిబంధన మన పల్లెల్లో సులభంగా అర్థమవుతుంది. పిట్టలను తోలడానికి వడిసెల తిప్పినట్టు జావెలిన్‌ను తిప్పి విసరకూడదు. భుజం మీదుగానే వదలాలి. 1956లో స్పెయిన్ త్రోయర్లు గిరగిరా తిరిగి విసిరే పద్ధతి తెచ్చారు. చాలా దూరం పోయింది కానీ ఎటు పోతుందో తెలియక చూసేవాళ్లకు ప్రాణగండం. వెంటనే దాన్ని నిషేధించారు.

86.48 అనే అంకె

ఇప్పుడు అసలు పోటీకి వద్దాం. 2016 జూలై 23, పోలండ్‌లోని బిద్గోష్ నగరం, అండర్-20 ప్రపంచ చాంపియన్‌షిప్. నీరజ్ చోప్రా 86.48 మీటర్లు విసిరాడు. అథ్లెటిక్స్‌లో ఏ స్థాయిలోనైనా ప్రపంచ చాంపియన్ అయిన మొదటి భారతీయుడు అతనే. అంతకుముందు జూనియర్ ప్రపంచ రికార్డు లాత్వియాకు చెందిన సిర్మైస్ 2011లో విసిరిన 84.69. రెండో స్థానంలో దక్షిణాఫ్రికాకు చెందిన యోహాన్ గ్రోబ్లర్ 80.59. మూడో స్థానంలో గ్రెనడా కుర్రాడు ఆండర్సన్ పీటర్స్ 79.65.

మొదటి, రెండో స్థానాల మధ్య దాదాపు ఆరు మీటర్లు. ప్రపంచ స్థాయి ఫైనల్‌లో ఇంత తేడా అరుదు. నీరజ్ 1997 డిసెంబర్ 24న పుట్టాడు. అంటే ఆ ఏడు అర్హత ఉన్నవాళ్లలో 1997లోనే ముందు నెలల్లో పుట్టినవాళ్లు అతనికన్నా చాలా నెలలు పెద్ద. నాకు ఆ ఆరు మీటర్ల కన్నా ఈ సంగతే ఎక్కువ అబ్బురం.

ఆ తర్వాత నెలలో రియో ఒలింపిక్స్. అక్కడ కాంస్యం గెలిచిన కెషోర్న్ వాల్కట్ దూరం 85.38. దాంతో "నీరజ్ పోయుంటే పతకం వచ్చేది" అని దేశమంతా బాధపడింది. రియో అర్హత దూరం 83 మీటర్లు, గడువు జూలై 11. నీరజ్ అప్పటికి 82.23 దగ్గర ఉన్నాడు, ఫిబ్రవరిలో గువాహటిలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో విసిరిన దూరం అది. 77 సెంటీమీటర్లు తక్కువ. ఆ తర్వాత 86.48 విసిరేసరికి గడువు దాటి పన్నెండు రోజులైంది.

బాధ నిజమే. కానీ ఆ పోలిక పూర్తిగా సరైంది కాదని నా అభిప్రాయం. జావెలిన్ ఒకే బరువు కాబట్టి అంకెలు పోల్చవచ్చు, రోజులను పోల్చలేం. అదే నీరజ్ ఆ జూన్‌లో హో చి మిన్ నగరంలో జరిగిన ఆసియా జూనియర్ పోటీల్లో 77.60 విసిరి రజతంతో సరిపెట్టుకున్నాడు. కొన్ని వారాల్లో దాదాపు తొమ్మిది మీటర్ల తేడా! పద్దెనిమిదేళ్ల వయసులో ప్రపంచ రికార్డు వీరుడికే ఇంత ఊగిసలాట ఉంటే, మన గ్రౌండ్‌లో కుర్రాడికి నెలకో అంకె రావడంలో వింతేముంది?

ఒక ఏడాది జూనియర్ పతకాన్ని మరో ఏడాది పతకంతో పోల్చడం కూడా కష్టమే. 2012 బార్సిలోనాలో స్వర్ణం 78.64కు వచ్చింది. 2014 యూజీన్‌లో 74.04 చాలింది. 2016లో కాంస్యంతో ఇంటికెళ్లిన పీటర్స్ దూరం ఆ రెండు స్వర్ణాలకన్నా ఎక్కువ. పతకం రంగు ఆ రోజు ఎవరెవరు వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. దూరం మాత్రం త్రోయర్ సొంతం.

పతకం భవిష్యత్తు చెప్పదు

2012లో 78.64తో జూనియర్ స్వర్ణం గెలిచిన ఆ కుర్రాడు ఎవరో కాదు, ట్రినిడాడ్‌కు చెందిన వాల్కటే. అతను నెల తిరగకుండానే లండన్ ఒలింపిక్స్‌లో 84.58 విసిరి స్వర్ణం కొట్టాడు, 19 ఏళ్ల వయసులో. నీరజ్ 86.48 విసిరీ ఒలింపిక్స్‌కు పోలేకపోయాడు, వాల్కట్ అంతకన్నా తక్కువ విసిరి చాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత వాల్కట్‌కు ఎత్తుపల్లాలు చాలా ఎదురయ్యాయి. మళ్లీ 2025 టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 88.16తో స్వర్ణం గెలిచాడు. రెండు స్వర్ణాల మధ్య పదమూడేళ్లు.

బిద్గోష్‌లో మూడో స్థానంలో నిలబడ్డ పీటర్స్ 2019లోనే సీనియర్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 2022లో మళ్లీ గెలిచాడు. ఆ రెండోసారి అతని 90.54 వెనక 88.13తో రజతం అందుకున్నది నీరజ్. జూనియర్ స్థాయిలో నీరజ్ వెనక ఏడు మీటర్ల దూరంలో ఉన్నవాడు సీనియర్ ప్రపంచ స్వర్ణం ముందు అందుకున్నాడు. గ్రోబ్లర్ పేరు సీనియర్ ప్రపంచ, ఒలింపిక్ పతకాల జాబితాల్లోకి రాలేదు. ఇక 2016 ఆసియా జూనియర్‌లో కాంస్యం పొందిన పాకిస్తాన్ కుర్రాడు అర్షద్ నదీమ్. 2024 పారిస్‌లో అతని 92.97 ఒలింపిక్ రికార్డు. నీరజ్ 89.45తో రజతం.

జావెలిన్ నిదానంగా పండే విద్య. పరుగు, బ్లాక్, చెర్నాకోల వరస ఒళ్లుకు పట్టడానికి ఏళ్లు పడతాయి. పదిహేడేళ్లకు ఒళ్లు ముందు ఎదిగినవాడు గెలుస్తాడు, ఇరవై అయిదేళ్లకు వరస కుదిరినవాడు గెలుస్తాడు. ఆ ఇద్దరూ ఒకరే కావచ్చు, కాకపోనూ వచ్చు. నీరజ్ 2021 ఆగస్టు 7న టోక్యోలో 87.58తో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు, అంటే జూనియర్ రికార్డు తర్వాత అయిదేళ్లకు. ఆ గెలుపు త్రో, జూనియర్ త్రో మధ్య తేడా 1.10 మీటర్లు మాత్రమే. అయిదేళ్లలో ఇంతేనా ఎదిగింది అని ఎవరన్నా అడిగితే వాళ్లకు మధ్యలో మోచెయ్యి కనిపించలేదన్నమాట.

2019లో నీరజ్ కుడి మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. పీటర్స్ గెలిచిన ఆ ఏడాది ప్రపంచ పోటీలకు అతను వెళ్లలేదు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.87 విసిరి తిరిగొచ్చాడు. జావెలిన్ వదిలే క్షణంలో మోచేతి లోపలి వైపు స్నాయువు సాగుతుంది. ఎదిగే వయసులో అక్కడ ఎముక చివరలు ఇంకా గట్టిపడి ఉండవు. అందుకే నాకు భయమేసేది 700 గ్రాముల పిల్లాడు ఒక్కసారిగా 800తో తన పాత దూరం అందుకోవాలని రోజుకు యాభై సార్లు పూర్తి బలంతో విసిరినప్పుడు. తగ్గిన ఏడు మీటర్లను నెలలో తిరిగి తెచ్చుకోవాలని ఇంట్లో ఒత్తిడి పెడితే, ఆ పిల్లాడు భుజం తగ్గించి మోచేత్తో లాగడం మొదలుపెడతాడు. అంకె పెరుగుతుంది, చెయ్యి పోతుంది. ఇలా ఆగిపోయిన పిల్లలను నేను చూశాను. వాళ్లలో ఒకడు ఇప్పుడు నీళ్ల బిందె కూడా ఎడమచేత్తోనే ఎత్తుతాడు.

ఆ అబ్బాయికి చెప్పింది ఇంతే. రెండు నెలలు పూర్తి పరుగు వద్దు. మూడు, అయిదు అడుగుల (అంగల) పరుగుతోనే 800 గ్రాములది విసరాలి, దూరం కాదు, తోక ఊగకుండా పోయిందా అని చూసుకోవాలి. మధ్యమధ్య బంతితో, తేలికైనదానితో చేతి వేగం పోకుండా చూసుకోవాలి. గట్టి విసుర్లు వారానికి రెండు రోజులే. మోచెయ్యి లోపల నొప్పి అంటే ఆ రోజు పరుగు, బ్లాక్ మాత్రమే, చేతిలో ఏమీ ఉండకూడదు. కడప వైఎస్సార్ క్రీడా పాఠశాలలో చదివే పిల్లలకు రోజూ చూసుకునే కోచ్‌లుంటారు. మామూలు స్కూల్ గ్రౌండ్‌లో ఉన్న పిల్లాడికి ఇవన్నీ ఇంట్లోవాళ్లే గమనించాలి. అందుకే తండ్రికి కూడా చెప్పాను.

ఆయన నోట్‌బుక్ ఒకటి కొన్నాడు. అందులో తేదీ, జావెలిన్ బరువు, ఎన్ని అడుగుల పరుగు, గాలి ఎటు నుంచి అని నాలుగు గళ్లు గీశాడు. దూరానికి అయిదో గడి గీయమని నేను చెప్పలేదు, ఆయనే చివర్న చిన్నదిగా గీసుకున్నాడు. ఇప్పుడు టేపు కొన పట్టుకుని నిలబడేది ఆయనే. పోయిన ఆదివారం ఆ గళ్లలో అయిదు అడుగుల పరుగుతో 800 గ్రాములు, పడమటి గాలి, 49.30 అని ఉంది. పక్కన పెన్నుతో "తోక ఊగలేదు" అని రాశాడు.